గొంతు పగలకూడదు

"ఎవరూ పోకుండానే చావు పాటేంటమ్మా? నేను రికార్డు చెయ్యను!" హెడ్‌ఫోన్స్ మంచం మీద పడేశాడు యేసుకుమార్.

సువార్తమ్మ మైకు ముందు నుంచి కదల్లేదు. పామర్రు చుట్టుపక్కల ఎవరి భూస్థాపన జరిగినా పాట ఆవిడదే. మైకు లేకపోయినా ఆ గొంతు సమాధుల తోట దాటి పొలాల్లోకి వినపడుతుంది. అలాంటి మనిషి ఆ పాట రికార్డు చెయ్యమని పొద్దున్నించీ కొడుకు వెంట పడుతోంది.

"ఊళ్ళో అందరి పాటలూ చేస్తావు. అమ్మది ఒక్కటి చెయ్యవా?"

"నువ్వు నూరేళ్ళుంటావు. నీ పాట నువ్వే ముందుగా పాడిపెట్టుకోవడమేంటి, అపశకునంగా!"

ఆవిడ మైకు నోటి దగ్గరికి లాక్కుంది. యేసుకుమార్ గొణుక్కుంటూనే లేచి ఫ్యాను ఆపాడు. చప్పుడు రాకుండా కిటికీకి అడ్డంగా పరుపు నిలబెట్టబోయి, ఆయాసమొచ్చి కూలబడ్డాడు. నెలైనా వదలని జ్వరం. పరుపు ఆవిడే నిలబెట్టింది.

"బాగా పైకెత్తే చరణం ముందు పాడు. దాన్నిబట్టి లెవెల్ పెడతాను."

ఆవిడ ఎత్తుకుంది. సౌండ్ కార్డు మీద ఎర్ర లైటు వెలిగింది. గెయిన్ మర తిప్పి మైకు జోరు తగ్గించాడు. మళ్ళీ పాడించాడు. మళ్ళీ ఎరుపే.

"జానెడు వెనక్కి జరుగమ్మా. ఎరుపెక్కితే గొంతు పగిలినట్టు వస్తుంది. అలా రికార్డయ్యాక ఎవరూ బాగు చెయ్యలేరు."

"పగలకూడదురా. ఒక్క మాట కూడా పగలకూడదు."

ఇంకాస్త తగ్గించాడు. ఈసారి లైటు ఆకుపచ్చ దాటలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. రెండో చరణంలో గొంతు వణికింది. ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచీ పాడింది. ఈసారి చివరిదాకా నిలబడింది. వింటున్న యేసుకుమార్ విసుగంతా ఎటు పోయిందో!

"ఎంత బాగా వచ్చిందో తెలుసా! దాచేస్తున్నా. ఫైలుకి నీ పేరే పెట్టనా?" నవ్వుతూ అడిగాడు.

సువార్తమ్మ దగ్గరికొచ్చి, కాలిపోతున్న అతని నుదుటి మీద చెయ్యి వేసింది.

"నీ పేరు పెట్టు నాయనా. బెజవాడ డాక్టరు గారు నిన్న నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి అంతా చెప్పారు... ఆ రోజు నాకు గొంతు పెగలదు."