పుట్టిల్లు వదలని లెక్క

రువైదా వయసు హద్దు డెబ్బై చెరిపేసి డెబ్బై ఐదు కొట్టింది. ప్రోగ్రాంని మళ్ళీ నడిపించింది.

తెర మీద అదే జవాబు. అర్హత లేదు.

పక్క కుర్చీలో ఆమె తండ్రి అబూ నాయిఫ్ వాచిన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. ఉచితంగా డయాలిసిస్ చేసే చోటు జోర్డాన్‌లోని ఈ ఇర్బిద్ ఊళ్ళో ఆయనకు తెలిసినంతలో రువైదా పనిచేసే ఈ కేంద్రమొక్కటే. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరిని చేర్చుకోవాలో ఆర్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక ఫంక్షన్ తేలుస్తుంది. డెబ్బై దాటినవాళ్ళను అది తీసుకోదు. ఆయనకు డెబ్బై రెండు.

నిన్న ఒక చోటు ఖాళీ అయింది. దానికోసం వరండాలో ఒక చంటిబిడ్డ తల్లి కూడా కాచుకుని ఉంది.

"ఏమంటోంది తల్లీ, నీ పెట్టె?"

"ఒప్పుకోవట్లేదు నాన్నా."

ఆఫీసులో కొత్తగా చేరిన కుతైబా టీ గ్లాసుతో వచ్చి తెర మీదకు తొంగిచూశాడు. నవ్వేశాడు.

"అక్కా, నువ్వేనా ఈ పని చేసేది? హద్దు బయట మారిస్తే దానికేం పట్టింది? ఫంక్షన్‌ని ఎక్కడ నిలబడి పిలిచినా, ముందు తను పుట్టిన ఇంట్లోనే వెతుక్కుంటుంది. ఆ ఇంట్లో డెబ్బై ఉంది. నువ్వు వీధిలో నిలబడి డెబ్బై ఐదని గొంతు చించుకున్నా దానికి వినపడదు. నిన్నగాక మొన్న నాకు ఈ క్లోజర్లు నేర్పింది నువ్వే కదా!"

రువైదా తెర మీంచి చూపు తిప్పలేదు.

"మా అమ్మా అంతేనయ్యా" అన్నాడు ముసలాయన. "ఇక్కడే ముసలిదైపోయింది. ఇల్లెక్కడమ్మా అంటే మాత్రం పాలస్తీనాలో వదిలొచ్చిన యాఫాలో వీధి పేరే చెప్పేది. సరే, ఆ ఇంట్లోకే పోయి మార్చరాదూ?"

"మామూలుగా అయితే మార్చొచ్చు బాబాయ్. దీనికి తాళం వేసి పెట్టారు. ఎవరు రాశారో గానీ గట్టి పిండమే. డైరెక్టరుగారు వాళ్ళ మామగారిని చేర్చాలని తలకిందులుగా తపస్సు చేశారట. కాలేదట."

"ఆ తాళం వేసినవాడి చేతులు పడిపోను!" అబూ నాయిఫ్‌కు ఊపిరి అందలేదు. "వాడికి తండ్రి లేడూ?"

కుతైబా తల దించుకుని వెళ్ళిపోయాడు.

రువైదా కంప్యూటర్ ఆపేసింది. ఇక ఉగ్గబట్టుకోలేక తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. వరండాలోంచి ఆ చంటిబిడ్డ తల్లిని లోపలికి పిలుస్తున్నారు.

"ఊరుకో తల్లీ" అంటూ ఆయన కూతురి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నువ్వు చేయగలిగిందంతా చేశావు. నీ చేతులు చల్లగుండాలి."

ఆ తాళం వేసినవీ, దాన్ని చిటికెలో తీయడం తెలిసినవీ ఆ చేతులే.