గ్లాసులో కట్టుడు పళ్ళు

"ఇంకొక్క గంట ఓర్చుకోమ్మా. కొనే ఆవిడ బొమ్మనీ పళ్ళనీ పక్కపక్కన చూడాలిగా" అన్నాడు చిత్రకారుడు.

బొమ్మ కోసం వారం రోజులుగా తల్లి కట్టుడు పళ్ళు బల్లమీద నీళ్ళ గ్లాసులోనే ఉన్నాయి. ఆమెకు జావే గతి.

కొనే ఆవిడ వచ్చింది. గోడంత కాన్వాసు మీద నిగనిగలాడే గులాబీ రంగు చిగుళ్ళు చూసి మురిసిపోయింది. "అచ్చు గుద్దినట్టున్నాయి! బొమ్మ పక్కన పెట్టుకుంటాను, అసలువి కూడా ఇస్తారా?"

"అవి అమ్మవండీ. అమ్మనే అడగండి."

"ఎంతిమ్మంటారు పెద్దమ్మా?"

పళ్ళు లేకుండా పరాయివాళ్ళ ముందు ఏనాడూ నోరు విప్పని మనిషి. చేత్తో మూతి కప్పుకుని, తల గట్టిగా అడ్డంగా ఊపింది.

"చూశారా, డబ్బేమీ వద్దంటోంది. ఊరికే తీసుకెళ్ళండి" అన్నాడు కొడుకు, గ్లాసుకి కాగితం చుడుతూ.

తననే అడగమని ఎందుకన్నాడో తల్లికి అప్పుడర్థమైంది.