పెద్దమ్మకు తెలిసిన చప్పుడు

“ఇది కాదండీ మేస్త్రి గారూ. తుమ్మినట్టుంది,” అంది డాక్టరమ్మ.

జీపు కింద వెల్లకిలా పడుకున్న మేస్త్రి ముఖం మీద తుప్పు పొడి రాలింది. ఇప్పుడే బిగించిన కొత్త సైలెన్సరు అది. దాని మోత కోసం కుర్రకారు పడి చస్తారు. అలాంటిది, ఈవిడకి తుమ్మట!

పాక్కుంటూ బయటికొచ్చాడు. “అమ్మా, ఎవరైనా చప్పుడు పెంచమంటారు, లేదంటే తగ్గించమంటారు. పాత చప్పుడే తెచ్చిపెట్టమన్నది మీరొక్కరే.”

“నాకోసం కాదండీ, మా పెద్దమ్మ కోసం.”

ఆ జీపు ఆమె తండ్రిది. ఆయన బతికినన్నాళ్లూ దాంట్లోనే కొండదారులు ఎక్కి దిగాడు. ఈ మధ్య రాయి తగిలి పాత సైలెన్సరు నిలువునా చీలిపోయింది. కంపెనీవాళ్లు ఇచ్చిన కొత్తది పెట్టిస్తే బండి పిల్లిలా నడిచింది. కష్టమంతా అక్కడే మొదలైంది.

“ఆవిడకి చూపు లేదు. అన్నీ చెవులతోనే,” అంది డాక్టరమ్మ. “నాన్న బండి వినపడితే చాలు, ఎక్కడున్నా వచ్చేసేది. నాన్న పోయాక, అదే చప్పుడు కదా అని నన్నూ నమ్మింది. ఇప్పుడు కాలికి పుండు పడింది. నేను వెళ్తే ఎవరో అనుకుని దాక్కుంటోంది. మందు పడకపోతే...”

“నచ్చజెప్పి ఆసుపత్రికి తీసుకురాలేరా?”

“నచ్చజెప్పడమా! మొన్న మావాళ్లు దగ్గరికెళ్లబోతే తరిమి తరిమి కొట్టింది. ఒకతను చెప్పులు అక్కడే వదిలేసి పరుగో పరుగు.”

మేస్త్రికి నవ్వాగలేదు. “మా అత్తగారూ ఇంతేనమ్మా. ఆవిడకి కోపమొస్తే ఇంటిల్లిపాదీ గోడ దూకాల్సిందే.” డాక్టరమ్మ నవ్వలేదు. అతను తమాయించుకుని, “సరే, ఆ చప్పుడెలా ఉండేదో చెప్పండి,” అన్నాడు.

ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. “చెవికన్నా ముందు గుండెకి తగిలేది. చిన్నప్పుడు మెట్ల మీద కూచునేదాన్ని. నాన్న ఇంకా మలుపు తిరక్కముందే నా అరికాళ్లకి తెలిసిపోయేది.”

మేస్త్రి గెడ్డం గోక్కున్నాడు. ఇన్నేళ్లుగా అతను గొట్టాలతో అరిపించడమే చేశాడు. నేలతో మాట్లాడే చప్పుడు కావాలని ఎవరూ అడగలేదు. చేతనవుతుందో లేదో అతనికే తెలియదు.

ఆ మోత సైలెన్సరు ఊడదీసి ఇంకోటి బిగించాడు. స్టార్ట్ చేస్తే జలుబు చేసిన గొంతులా పలికింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. గొట్టం కోసి పొట్టి చేశాడు. ఇంకా చెడింది. మధ్యాహ్నానికి విసుగొచ్చి, “నావల్ల కాదమ్మా,” అనబోయాడు. గుమ్మంలో మోకాళ్లు కావిలించుకుని కూర్చున్న ఆమెను చూసి మళ్లీ రెంచి అందుకున్నాడు.

వెనక పాతసామాను గుట్టలో లారీ సైలెన్సరు ఒకటి పడి ఉంది. పీపాలా లావుగా, బోలుగా ఉంది. దాన్ని సగానికి కోసి, రాళ్లు తగలకుండా బండి అడుగుకి దగ్గరగా ఎత్తి, ఇంజను గొట్టానికి వెల్డింగు పెట్టాడు. వెడల్పాటి గొట్టాన్ని వెనక బంపరు దాటేదాకా సాగదీశాడు. బండి వణుకు దానికి తగలకుండా రబ్బరు పట్టీలతో వేలాడదీశాడు.

ఇంజను అందుకుంది.

అది మోత కాదు. బల్ల మీద నట్లు మెల్లగా కదిలి ఒకదాని దగ్గరికొకటి చేరాయి. మేస్త్రి పక్కటెముకల్లో ఏదో పాకింది. తన చేతుల్లోంచే వచ్చిందా ఇది? రెంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

డాక్టరమ్మ లేచి బండి బానెట్ మీద చెయ్యి ఆనించింది. “ఇదేనండీ,” అంది. “ఇంకేం ముట్టుకోకండి.”

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. దారిలో వెల్డింగు ఊడితే అతికించాలి కదా అని పైకి అన్నాడు గానీ, ఆ చప్పుడు ఎవరికోసమో చూడకుండా మేస్త్రి ఉండలేకపోయాడు. గుంతలు, బండలు, మోకాల్లోతు వాగు. గొట్టం చెక్కుచెదరలేదు. కొండ మీద చెట్ల మధ్య ఒక ఖాళీజాగాలో డాక్టరమ్మ బండి ఆపింది. ఇంజను మాత్రం ఆపలేదు.

మేస్త్రి చుట్టూ చూశాడు. “ఇల్లెక్కడమ్మా?”

“ఇల్లా? ఇదంతా ఆవిడదే.” మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుంది. “దిగకండి. కొత్త మనిషంటే పడదు.”

కాసేపటికి పక్షులు కూయడం మానేశాయి. పక్కనున్న మడుగులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఎవరూ రాలేదు. డాక్టరమ్మ పెదాలు బిగబట్టింది. తను కట్టిన గొట్టం అబద్ధమాడుతోందేమోనని మేస్త్రికి గుబులు పుట్టింది.

అప్పుడు లోయ అవతలినుంచి అదే గురగుర వినిపించింది.

“ప్రతిధ్వని బాగుందమ్మా,” అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ తాళం తిప్పింది. ఇంజను ఆగిపోయింది.

గురగుర ఆగలేదు. దగ్గరికొస్తోంది. సీటు కింద, అరికాళ్లలో, దంతాల మధ్య వినిపిస్తోంది. మేస్త్రి తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు. డాక్టరమ్మ ఏడుస్తూ, నవ్వుతూ కిందికి దిగింది.

“పెద్దమ్మా! నేనే!”

కొమ్మలు తొలిగి, ముందు తొండం బయటికొచ్చింది.