పురికొస కొలత

మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేను, పైగా నర్సుని. అందుకే బట్టలు కుట్టే మా అమ్మను మిషను దగ్గర్నుంచి లేపి, ఆమె ఎత్తుకు సరిగ్గా పురికొస కోసి, సగానికి మడిచి, బొడ్డు మీదుగా నడుము చుట్టూ తిప్పాను. కొసలు కలవలేదు.

"చూశావా? నడుము ఎత్తులో సగం దాటకూడదమ్మా. పొట్టలో కొవ్వు పేరుకుంటే గుండెకి ప్రమాదం. రేపట్నుంచి పొద్దున్నే నడవాలి."

"నాకెక్కడ తీరుతుందే?"

"నన్ను చూడు! నాలుగేళ్ల కిందట నువ్వు కుట్టిన యూనిఫామే ఈ రోజుకీ సరిపోతోంది."

అమ్మ ఇంకో పురికొస నా ఎత్తుకు కోసి, మడిచి, నా నడుముకు చుట్టింది. ఆమెకు రెండు వేళ్ల ఎడం మిగిలితే, నాకు నాలుగు వేళ్ల ఎడం మిగిలింది.

"నువ్వు సరిగ్గా కోయలేదు," అన్నాను, తప్పంతా పురికొస మీదికి నెట్టేస్తూ.

"కొలతలు నాకు చెబుతున్నావా?" అంటూ అమ్మ నా యూనిఫాం అంచు తిరగేసింది. పక్క కుట్టు పొడవునా, విప్పేసిన పాత కుట్ల సూది గుర్తులు మూడు వరసలున్నాయి.

"ఏటా కాస్త వదులు చేస్తూ వచ్చాను. డ్యూటీకెళ్లే పిల్లవి, బిగుతైతే తిండి మానేస్తావని."

ఇన్నాళ్లూ ఆ యూనిఫామే చూపించి వార్డు మొత్తానికీ పాఠాలు చెప్పాను.

"ఇక లోపల విప్పడానికి గుడ్డ లేదే తల్లీ," అంది అమ్మ. "పొద్దున్నే ఎన్నింటికి లేపమంటావు?"