మలుపు లేని కాపురం

ఇప్పుడు డయాలసిస్ పడక కావాలంటే రోగి తన బతుకును వ్యాసంగా రాయించుకుని, యంత్రం ముందు తానే చెప్పుకోవాలి. కథ దానికి నచ్చితే పడక ఇస్తుంది. గొంతులో అబద్ధం పలికితే పేరు కొట్టేస్తుంది. ఆస్పత్రి గేటు ముందు ఆ వ్యాసాలు రాసిపెట్టడమే పుణ్యవతి పని.

మొన్న అప్పన్న వచ్చాడు, భార్య ఆసిరమ్మ కోసం. ఇద్దరూ జీడిపిక్కలు కొట్టి, వాటి సొనకు వేళ్లు కాల్చుకున్నవాళ్లే.

"కాలిన వేళ్ల కథలంటే ఆ యంత్రానికి మొహం మొత్తేసింది తాతా. ఏదో ఒక మలుపుండాలి. నలభై ఏళ్లలో ఒక్క గొడవైనా పడలేదా?"

"నేదు తల్లీ. దాన్ని పల్లెత్తు మాటననేదు."

"మరి దీన్నెవరు వింటారు?" పుణ్యవతి విసుగ్గా కాగితం మడిచేసింది.

అప్పన్న లేచాడు. "మలుపు నాను తెత్తాను. ఆసిరమ్మకి మాత్రం సెప్పకు."

ఈ ఉదయం ఆసిరమ్మ ఒక్కతే బట్టల మూటతో వచ్చింది. "ఇంట్లోంచి గెంటేసినాడమ్మా. ఏటి తప్పు సేసినానో సెప్పనేదు."

నిజం పుణ్యవతి నోటిదాకా వచ్చింది. కానీ అది ఆసిరమ్మకు తెలిస్తే ఆమె గొంతులో యంత్రానికీ వినబడుతుంది. మింగేసి, గెంటేసిన గుమ్మంతోనే వ్యాసం మొదలుపెట్టింది.

ఆసిరమ్మ అది యంత్రానికి చెప్పుకున్నాక, మధ్యాహ్నానికి పడక వచ్చింది. వారానికి మూడుసార్లు, కథ మారనంతకాలం.

ఆసిరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ముందు ఆయనకి కబురెట్టు తల్లీ. శానా సంతోసిత్తాడు."