నోటినిండా గుండుసూదులు

"ఊపిరి బిగబట్టండి, దొరగారూ," అంది దర్జీ ఎల్స్‌పెత్ టోష్.

ఫార్కర్సన్ పొట్ట లోపలికి లాక్కున్నాడు. అయినా తాతగారి నీలం యూనిఫాం బొత్తాలు దగ్గరికి రాలేదు.

"ఉతికితే కుంచించుకుపోయింది," అన్నాడు.

"నలభై ఏళ్ళుగా దీన్నెవరూ ఉతకలేదండీ," అని ఆవిడ గుండుసూదులు నోట్లో పెట్టుకుంది.

ఆ తాత ఒకప్పుడు ఈ కౌంటీకి లార్డ్ లెఫ్టినెంట్, అంటే రాజుగారు రాలేని చోట ఆయన తరఫున కత్తి కట్టుకుని నిలబడే మనిషి. ఇప్పుడా పదవి ఖాళీ. కొత్త పేరు ఈ మధ్యాహ్నం పన్నెండింటికి రేడియోలో చెబుతారు. ఫార్కర్సన్‌కి ఉత్తరమేదీ రాలేదు. మంచు పడి పోస్టు ఆలస్యమై ఉంటుందని సరిపెట్టుకున్నాడు. టౌన్‌హాల్లో పాత లార్డ్ లెఫ్టినెంట్ల పటాలు పదకొండున్నాయి. పన్నెండో మేకు తానే దగ్గరుండి కొట్టించాడు. అది బోసిగా ఉండిపోతుందేమోనన్న దిగులుతో వారం నుంచి అతనికి తిండి సయించడం లేదు. పొట్టకు మాత్రం ఆ సంగతి తెలియలేదు.

"పదకొండుమంది, ఎల్స్‌పెత్. అంతా నాలుగే ఇళ్ళవాళ్ళు. మొదటాయన మావాడే. ఫ్రెంచివాళ్ళు దండెత్తుతారని హడలిపోయిన రోజుల్లో, సైన్యంలోకి ఎవరు పోవాలో చీట్లు తీయించాడు. మా ఇంటి కుర్రాళ్ళ పేర్లు చీట్లలో పడనివ్వలేదు. ముందుచూపంటే అదీ."

"మా ఇంట్లో ముగ్గురి పేర్లొచ్చాయి," అంది ఎల్స్‌పెత్ సూదుల సందులోంచి.

"చూశావా, మీకెంత అదృష్టమో. అన్నట్టు, మొన్న ఈ పదవికి ఎవరు తగునో వాకబు చెయ్యడానికి ఎడింబరా నుంచి ఒకాయన వచ్చాడే, నీ గురించీ అడిగాడు. వరదల్లో రెండొందల మందికి సూప్ కాచి పోసిందటగా అని. నేనూ మంచిగానే చెప్పాన్లే. ఎల్స్‌పెత్ లేకపోతే ఈ కౌంటీ బట్టల్లేకుండా తిరగాలన్నాను. రాసుకున్నాడు."

ఆవిడ తలూపింది.

"పేరు ఖాయమైనవాళ్ళు పన్నెండు దాకా నోరు విప్పకూడదు. అందుకే నేనూ ఎవరికీ చెప్పలేదు."

నిజానికి చేపలమ్మేవాడి దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా అతను చెప్పని మనిషి లేడు.

"పదవిలోకి రాగానే నా కింద ఉండే డెప్యూటీలందర్నీ నేనే వేసుకోవాలి. అదంతా లార్డ్ లెఫ్టినెంట్ ఇష్టం. ఇప్పుడున్నవాళ్ళలో సగంమందిని పీకేస్తాను. చెప్పిన చోట నోరెత్తకుండా నిలబడేవాళ్ళు చాలు నాకు."

గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఫార్కర్సన్ రేడియో వైపు కదలబోయాడు. ఎల్స్‌పెత్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి తన సూదుల దిండుకి గుచ్చింది. తర్వాత కత్తెర అందుకుని, చేతి అంచునున్న వెండి జరీ ఒక వరస ఊడదీసింది.

"నీకేమన్నా పిచ్చా? అదెందుకు తీస్తున్నావ్?"

"డెప్యూటీకి ఇంత జరీ ఉండకూడదండీ."

"డెప్యూటీనా? నన్ను డెప్యూటీగా వేసుకునే మొనగాడెవడు?"

"నేనేనండీ," అంది ఎల్స్‌పెత్.