మంత్రిగారి చెవి

మా వీధి కుళాయికి నీళ్లు వచ్చిన ఉదయం నర్సీపట్నంలో పండుగే జరిగింది. నా శిష్యుడు, విలేకరి సోమసుందరాన్ని జనం భుజాలకెత్తుకొన్నారు.

నెల క్రితం అతనిని, "నీళ్లు లేవని పత్రికలో వ్రాయి, నాయనా" అని కోరాను.

"రాయడమెందుకండి, మాస్టారూ? మంత్రిగారి జీపులో తిరిగేది నేనే గదా! ఆయన సెవిలో ఏస్తాను, బేగి పనైపోద్ది" అన్నాడు.

అయింది! అంతకు మునుపు రోడ్డూ, వీధిదీపాలూ ఆ చెవి గుండానే వచ్చాయి. పత్రికలో మంత్రిగారి పూలదండల ఫొటోలే కనబడేవి. అయినా మాకేమి లోటు?

బిందెలు గణగణ మ్రోగుతున్నాయి. ఈ వయస్సులో నేనూ ఒక గంతు వేశాను. అంతలో జ్ఞానమణి టీచరు పరుగున వచ్చింది.

"మాస్టారండీ! మన బడి ఆటస్థలం సుట్టూ మంత్రిగారి మనుషులు కంచె ఏసేస్తన్నారండి! ఇదేటని అడిగితే, ఆయన సినిమా హాలు కడతారంట!"

జనం సోమసుందరాన్ని క్రిందికి దించారు.

"వ్రాయి, నాయనా" అన్నాను.

"రాయడమెందుకండి, మాస్టారూ?" అన్నాడు అలవాటుగా, నవ్వుతూనే. "మంత్రిగారి సెవిలో..."

అక్కడే ఆగిపోయాడు.

బిందె నిండి నీళ్లు వీధిలోకి పొర్లుతున్నా, కుళాయి కట్టేయాలని ఎవరికీ తోచలేదు.